డక్ కాల్ తయారీ: లోపం చెక్కలో ఉందా, లోపలి రీడ్‌లో ఉందా?

ప్రశ్న (లిటిల్ రాక్, ఆర్కన్సా)

నమస్కారం. మొన్న థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఒక సహోద్యోగి నన్ను మా ఆర్కన్సాలోనే ఉన్న స్టట్‌గార్ట్ పట్టణానికి తీసుకువెళ్లాడు. అక్కడ 1936లో మొదలైన ప్రపంచ డక్ కాలింగ్ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. డక్ కాల్ అనే, జానెడైనా లేని, బాతు గొంతు పలికించే గొట్టాన్ని నోట పెట్టుకుని, ఒక్కొక్కరు 90 సెకన్లలో ఆడ మల్లార్డ్ బాతు దూరం నుంచి పిలవడం, మేత మేస్తూ గొణగడం, వెళ్లిపోయే గుంపును వెనక్కి రమ్మనడం అన్నీ పలికించారు. మా తాతగారి ఊరు ఏటికొప్పాక దగ్గర కావడం వల్ల లేత్ మీద అంకుడు కర్ర తిరగడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఆ ధైర్యంతో వాల్‌నట్ చెక్కతో రెండు కాల్స్ చేశాను. నునుపు, ఆకారం బాగానే కుదిరాయి గాని, ఊదితే బాతుకు బదులు తిరునాళ్లలో కొన్న బూర మోగుతోంది. చెక్క మార్చాలా? లోపల కంపించి శబ్దం పుట్టించే పలుచని రేకును రీడ్ అంటారట. అందులో సింగిల్ రీడ్, డబుల్ రీడ్ అంటున్నారు, డబుల్ రీడ్ అంటే మన సన్నాయి పీకలాంటిదేనా?

జవాబు (మెంఫిస్)

సన్నాయి పీకలాంటిది కాదండీ. సన్నాయిలో రెండు ఆకులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. డక్ కాల్‌లో రీడ్ టోన్‌బోర్డ్ అనే వంపు తిరిగిన పలక మీద కొట్టుకుంటుంది. ఆ లెక్కన ఇది పాములవాడి నాగస్వరంలోని పుల్లకు దగ్గరి చుట్టం. డబుల్ రీడ్‌లో కూడా రెండు మైలార్ అనే ప్లాస్టిక్ రేకులు ఒకే పలక మీద ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి, అంతే. ఊపిరి తేమకు అవి అతుక్కుపోకుండా ఒకదానిలో చిన్న బొడిపె తీస్తారు. కొత్తవారికి డబుల్ రీడ్ తేలికగా పలుకుతుంది గాని, స్వరంలో ఎక్కువ తక్కువలు చూపించాలంటే సింగిల్ రీడే మేలు.

మీ లోపం చెక్కలో లేదని నా నమ్మకం. బరువైన చెక్క, ఆక్రిలిక్ శబ్దాన్ని పదునుగా, దూరం వినిపించేలా చేస్తాయి, తేలిక చెక్క మెత్తబరుస్తుంది. అయితే గొంతు పుట్టేది మాత్రం టోన్‌బోర్డ్ వంపులోనే. రీడ్ పొట్టిదైతే స్వరం పైకి పోయి కీచుమంటుంది, పొడవైతే కిందికి దిగుతుంది. ఆకురాయితో ఒక్క దెబ్బ ఎక్కువ వేసినా ఆ పలక పాడవుతుంది గనుక, మొదట బజారులో దొరికే తయారైన ఇన్సర్ట్ (రీడ్, టోన్‌బోర్డ్ బిగించిన లోపలి ముక్క) కొని, దానికి సరిపడా బ్యారెల్ (బయటి గొట్టం) మాత్రం మీరు లేత్ మీద చేసుకోండి. చాలా ఇన్సర్ట్‌లకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల రంధ్రం సరిపోతుంది. అది బాగా పలికితే తప్పు మీ టోన్‌బోర్డ్‌దని తేలిపోతుంది. అదీ బూరలాగే మోగితే తప్పు ఊదడంలో ఉన్నట్టు. బుగ్గలతో కాకుండా, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పటిలా పొట్టలోంచి గాలి వదలాలి. కోకోబోలో చెక్క అందానికి ఆశపడితే ముక్కుకు మాస్క్ తప్పనిసరి, దాని పొడి చాలామందికి దద్దుర్లు తెప్పిస్తుంది.

జవాబు (నాష్‌విల్)

పై జవాబుకు ఒక చేర్పు. మీరు ఏ సంప్రదాయపు కాల్ చేస్తున్నారో ముందు తేల్చుకోవాలి. 1811–12 భూకంపాల వల్ల ఏర్పడిన టెనసీ రీల్‌ఫుట్ సరస్సు దగ్గర విక్టర్ గ్లోడో వంటివారు చదునైన టోన్‌బోర్డ్ మీద వంచిన లోహపు రీడ్ అమర్చారు. దాన్ని పలికించడానికి చాలా ఊపిరి కావాలి. ఆర్కన్సా పద్ధతిలో వంపు రీడ్‌కు కాక టోన్‌బోర్డ్‌కే ఉంటుంది, టోన్‌బోర్డూ ఇన్సర్టూ ఒకే ముక్క. దీని మూలాలు ఇల్లినాయ్ రాష్ట్రం పీకిన్‌లో ఫిలిప్ ఓల్ట్ 1904లో గట్టి రబ్బరుతో మొదలుపెట్టిన కాల్స్‌లో కనిపిస్తాయి. లూయిజియానాలో రెల్లు జాతి గొట్టాలతో చేసేవారు. మీరు ఒక పద్ధతి రీడ్‌ను మరో పద్ధతి పలక మీద పెట్టి ఉంటే ఎంత సానబట్టినా లాభం లేదు.

ఈ పనితనానికి ఇంత గిరాకీ పెరగడానికి చట్టం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. 1935లో అమెరికా ప్రభుత్వం బతికున్న బాతులను ఎరగా కట్టేయడాన్ని నిషేధించింది. దానితో పిలిచే బాధ్యత మనిషి ఊపిరి మీదే పడింది. స్టట్‌గార్ట్ మొదటి పోటీ ఆ మరుసటి ఏడాదే జరిగింది. అప్పటి బహుమతి 6 డాలర్ల 60 సెంట్ల విలువైన వేట కోటు. అక్కడి తయారీదారు చిక్ మేజర్ కుటుంబానికి చెందిన పాట్ పీకాక్ 1955, 1956లలో ఆ పోటీ గెలిచారు.

జవాబు (ఏలూరు)

చర్చ ఆసక్తికరంగా ఉంది. అయితే దీన్ని చదివి కొల్లేరు గట్టున ప్రయోగం చేద్దామనుకునేవారికి ఒక మాట: మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి బాతులను వేటాడటం నేరం. బొమ్మగా చేసుకుని ఇంట్లో ఊదుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఏలూరువారూ, నేను ఇక్కడ కూడా వేటకు వెళ్లను, నాకు ఆ గొంతు పలికితే చాలు. నాష్‌విల్‌వారు చెప్పిందే జరిగింది: పాత కాల్ నుంచి తీసిన వంచిన ఇత్తడి రీడ్‌ను నేను వంపు ఉన్న టోన్‌బోర్డ్ మీద బిగించాను. శనివారం తయారైన ఇన్సర్ట్ తెచ్చి అదే వాల్‌నట్ బ్యారెల్‌లో పెట్టి ఊదాను. నాలుగోసారికి మా పక్కింటి కుక్క మొరిగింది గనుక బాతేనని అనుకుంటున్నాను. ఇక మిగిలింది ఒక సందేహం: తేమకు ఉబ్బకుండా బ్యారెల్ లోపలి వైపు కూడా లక్క పట్టించవచ్చా, లేక నూనె సరిపోతుందా?