'సంకర నాచు' అనొచ్చా?

ప్రశ్న (బొబ్బిలి): నార్వేలో మాత్రమే దొరికే స్ఫాగ్నం ట్రోండెలాగికం అనే మాస్ మొక్క మీద వ్యాసం. రెండు జాతులు కలిసి పుట్టింది కాబట్టి 'సంకర నాచు' అని రాశాం. సరేనా?

పాలకొండ: ముందు నాచు సంగతి చూడండి. చెరువులో తేలేది నాచు, నూతిగట్టు మీద కాలు జారేది పాకుడు. రెండూ చాలామటుకు శైవలాలే (ఆల్గే), కాడా ఆకూ ఉండవు. వానాకాలం ఇటుక గోడ మీద ముఖమల్‌లా పరుచుకునేదాన్ని గోటితో గిల్లితే సూదిమొనంత ఆకులు, సన్నటి కాడ కనిపిస్తాయి. అదీ మాస్. పాఠ్యపుస్తకాల్లోలాగే 'మాస్' అని ఉంచండి. జామకి గాలి అంటు కట్టేవాళ్లు తడిపి చుట్టే స్ఫాగ్నం కూడా ఆ పేరుతోనే అమ్ముతారు.

ఆమదాలవలస: అసలు తిరకాసు 'సంకరం' దగ్గర మాస్టారూ. వరిలో సంకరం చేస్తే ఆ గింజ నాటిన మొక్కంతా సంకరమే. మాస్‌లో అలా కాదు. పచ్చగా కనిపించే ఆకుల మొక్క సంయోగబీజదం, అంటే స్త్రీ, పురుష బీజాలు తయారుచేసే దశ. అది ఏకస్థితికం, అంటే క్రోమోజోములు ఒక్క సెట్టే ఉంటాయి. స్ఫాగ్నంలో మామూలుగా 19 క్రోమోజోములు. వేరే జాతి పురుషబీజం నీటి పొరలో ఈదుకొచ్చి కలిస్తే పుట్టేది సిద్ధబీజదం, అంటే తల్లి కొమ్మ కొసన ఆవగింజంత గుళిక. సంకరం ఆ గుళికే, పచ్చ మొక్క కాదు. అందులో రెండు జాతుల క్రోమోజోములకి జత కుదరదు, సిద్ధబీజాలు (గుళికలో తయారై కొత్త మొక్కలుగా మొలిచే స్పోర్లు) చాలావరకు తాలు పోతాయి. రెండు సెట్లూ విడిపోకుండా ఒకే సిద్ధబీజంలో పడితేనే రెట్టింపు క్రోమోజోములతో కొత్త పచ్చ మొక్క లేస్తుంది. ట్రోండెలాగికం అలా వచ్చిందే. తల్లి స్ఫాగ్నం టెనెల్లం, తండ్రి స్ఫాగ్నం బాల్టికం. హరితరేణువు డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది గనక ఎవరు తల్లో తేల్చగలిగారు. వయసు అంచనా సుమారు 40,000 ఏళ్లు.

బొబ్బిలి: మరి 'సంకర జాతి' అంటే?

ఆమదాలవలస: పాడిపశువుల మాటల్లో చెల్లుతుంది, ఇక్కడ మాత్రం చదివేవాడు పొరబడతాడు. హైబ్రిడ్ వరి విత్తనం ఏటా కొనాలి. స్వర్ణ కూడా వశిష్ఠ, మసూరిలను కలిపి తీసిందే, అయినా గింజ దాచుకుని మళ్లీ వేసుకుంటాం. దాన్ని సంకరం అనడం సరికాదు, సంకరం నుంచి పుట్టి నిలకడైన రకం అనాలి. ఈ మాస్ ముక్కలు తెగిపడి అలాగే పెరుగుతుంది, గుళికలైతే ప్రకృతిలో ఎవరి కంటా పడలేదు. 'సంకరజ మాస్' అనండి. జలజం లాంటిదే, సంకరం వల్ల పుట్టినదని అర్థం.

పాలకొండ: బాగుంది. అన్నట్టు వ్యాసంలో రెండు చోట్ల 'శంకర' అని పడింది, దిద్దుకోండి.