చామంతి అయిపోయాక కట్ ఫ్లవర్స్‌లో ఏం వేయాలి?

పొలంలో కట్ ఫ్లవర్స్ (కాడతో సహా కోసి వాడే పూలు) పండించేవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. రాత్రులు పొడుగైతేనే చామంతికి మొగ్గ పడుతుంది కాబట్టి పూలన్నీ ఒకేసారి విరగబూస్తాయి, ఆ తర్వాత బకెట్లు ఖాళీ. లైట్లు పెట్టి పూతను వెనక్కి నెట్టొచ్చని తెలుసు, కానీ చిన్న మడికి అంత హంగామా ఎందుకనిపిస్తోంది.

అందుకే పొడవాటి కాడకు కింది నుంచి పైకి వరసగా పూలు పూసే గ్లాడియోలస్ మీద మనసు పడింది. దుంప నాటాక రకాన్ని బట్టి సుమారు 70 నుంచి 100 రోజుల్లో కోతకొస్తుంది కదా, రెండు వారాలకో సాలు చొప్పున నాటితే వరసగా పూలు అందుతాయా? కొద్దిగా వేసి చూస్తే, కింది మొగ్గలో రంగు కనిపించగానే కోసినా పై మొగ్గలు విచ్చకుండానే వాడిపోయాయి. ఎండల వల్లేనా? పాలీహౌస్ లేకుండా, ఆరుబయట పండించేవాళ్ల అనుభవమే కావాలి. మండు వేసవిలో మీరు ఏం కోస్తున్నారు?