ఏప్రిల్ 25, క్లాంగ్ పిల్లల హోమ్: కుటుంబాలుగా వెళ్దాం, పేర్లు ఇక్కడే ఇవ్వండి

కార్యక్రమం చూస్తున్నవారు:

అందరికీ నమస్కారం. ఈ కార్యక్రమం ఏర్పాట్లు చూసేది నేనే. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. ఆ వెంటనే హరి రాయ, అంటే రంజాన్ పండగ. కౌలాలంపూర్ సగం ఖాళీ అయి సొంతూళ్ళ దారి పడుతుంది. హోమ్‌లో వంట చూసే ఆవిడకి అప్పుడు ఉపవాసాలు, ఆ తర్వాత పండగ సెలవు. ఏప్రిల్ 14 తమిళ సంవత్సరాది, ఆ వారం వేరేవాళ్ళు వస్తామని ముందే చెప్పుకున్నారట. అందుకని వార్డెన్ గారితో మాట్లాడి మనం హోమ్‌కి వెళ్ళడానికి ఏప్రిల్ 25 శనివారం ఖాయం చేశాం. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా.

తిథి దాటాక ఉగాది పచ్చడేమిటని పెద్దవాళ్ళు అడిగారు. ఇళ్ళలో తిథికే చేసుకుందాం. హోమ్ పిల్లలతో కూర్చుని మరోసారి కలుపుకుందాం. చింతపండు పిసికేదీ, మామిడికాయ తురిమేదీ వాళ్ళే. మనం పక్కన ఉంటాం, అంతే.

ఇంకో మాట చెప్పాలి, కాస్త పెద్దదే. నిరుడు దీపావళికి మనం 40 మందికి పైగా వెళ్ళాం. పిల్లలు 28 మంది. కొత్త బట్టలేసుకుని ముందు వరసలో కూర్చున్నారు, ఒక్కొక్కరినీ పిలిచి సంచీ చేతికిచ్చాం, ఫోటో తీశాం. ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఒక పాప, తొమ్మిదేళ్ళుంటాయేమో, చంకలో లెక్కల నోటుబుక్కు పెట్టుకుని వచ్చింది. అంతకుముందు వెళ్ళినప్పుడు మనలో ఒకరు భిన్నాలు చెప్తానని మాటిచ్చారట. వాళ్ళు ఆ రోజు రాలేదు. నీలం ప్లాస్టిక్ అట్ట, మూలలు విరిగిపోయాయి, మధ్యలో పెన్సిల్ గుర్తుగా పెట్టి ఉంది. ఆ పాప అన్నం తింటున్నంతసేపూ పుస్తకం ఒళ్ళోనే ఉంచుకుంది. మనం బయల్దేరుతుంటే దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నాకు మనసు కుదుటపడడం లేదు.

అందుకే ఈసారి 40 మంది వద్దు. ఎనిమిది కుటుంబాలు చాలు. ఏప్రిల్ 25 మొదటి రోజు. మే నుంచి అక్టోబరు దాకా ప్రతి కుటుంబం నెలకో శనివారం, వారానికి రెండు కుటుంబాల చొప్పున. వచ్చిన మొహాలే మళ్ళీ రావాలి. అలవాటయ్యాక మానేసేవాళ్ళని ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు. అక్టోబరు దాకా కుదరనివాళ్ళు దయచేసి పేరు ఇవ్వకండి. షాపింగ్, డబ్బు లెక్కలు, వండి పంపడం లాంటి పనులు చాలా ఉన్నాయి, వాటికి రండి.

సుబాంగ్ నుంచి ఒక అమ్మ:

అక్కా, మావాడికి ఆరేళ్ళు. తీసుకురావచ్చా? వాళ్ళకి అమ్మానాన్నలు లేరని వాడికి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

కార్యక్రమం చూస్తున్నవారు:

తప్పకుండా తీసుకురామ్మా. కానీ అలా చెప్పొద్దు, ఎందుకంటే అది నిజం కూడా కాదు. అక్కడ చాలామందికి అమ్మో నాన్నో ఉన్నారు. ఒకరి అమ్మకి ఒంట్లో బాగోదు. ఇంకొకరి నాన్న రాత్రి షిఫ్టులు చేస్తారు, ఇంట్లో చూసేవాళ్ళు లేరు. కొందరు సెలవులకి ఇంటికి వెళ్ళి వస్తారు. అనాథ అన్న మాట మన ఇళ్ళల్లోనే మానేద్దాం. "వాళ్ళు ఆ ఇంట్లో కలిసి ఉంటారు, మనం ఆడుకోవడానికి వెళ్తున్నాం" అంటే ఆరేళ్ళవాడికి చాలు. మీ అమ్మ ఎక్కడని వాళ్ళని అడగొద్దని మాత్రం కారెక్కే ముందు ఒకసారి చెప్పు.

భాష గురించి బెంగ వద్దు. పిల్లలు తమిళం, మలయ్, ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. పోయినసారి మా అమ్మాయి ఐదు నిమిషాల్లో మలయ్‌లో కబుర్లలో పడిపోయింది, నేనే పక్కన నిలబడి విన్నాను.

పెద్దాయన, బాగాన్ దతుక్‌లో పుట్టినవారు:

అమ్మా, మా తాతగారి కాలంలో కొబ్బరి తోటల్లో లైను ఇళ్ళుండేవి. ఒక ఇంట్లో తల్లి పోతే పక్క ఇంటివాళ్ళు పిల్లల్ని తమ పిల్లల్తో పాటే కూర్చోబెట్టి అన్నం పెట్టేవారు. మా అత్తయ్య అలా పెరిగినదే. నేను నెలనెలా వస్తాను, మా ఆవిడ కూడా. పిల్లల గదిలో అలమరా తలుపులు ఊడిపోయాయని విన్నాను. సామాను నా దగ్గరుంది. పెద్ద పిల్లలకి స్క్రూలు బిగించడం నేర్పిస్తాను.

కార్యక్రమం చూస్తున్నవారు:

బాబాయ్ గారూ, మీరొస్తే అంతకంటే ఏం కావాలి. ఇక్కడివాళ్ళు గొతొంగ్ రొయొంగ్ అనేది సరిగ్గా ఇదే, పిల్లలూ మనమూ ఒకే పనిలో చెయ్యి వెయ్యడం. మీ పేర్లు మొదటి శనివారానికి రాస్తున్నాను.

ప్రచారం చూసే తమ్ముడు:

అక్కా, బ్యానర్ వేయించనా? దాతలకు ఫోటోలు పంపాలి కదా.

కార్యక్రమం చూస్తున్నవారు:

బ్యానర్ వద్దు తమ్ముడూ. పిల్లల మొహాలు ఒక్కటి కూడా బయటికి వెళ్ళకూడదు, వాట్సాప్ స్టేటస్‌లో కూడా. ఇక్కడి 2001 పిల్లల చట్టం కూడా రక్షణలో ఉంచిన పిల్లల ఫోటోలు ప్రచురించొద్దనే అంటుంది. బాబాయ్ గారు బాగుచేసిన అలమరా, పచ్చడి గిన్నె, మనం కొన్న సామాను బిల్లులు, ఇవి పంపు. దాతలకు కావలసిన నమ్మకం వాటితోనే వస్తుంది.

ఇదే సందర్భంలో అందరికీ: పిల్లల్లో ఎవరితోనూ పెద్దవాళ్ళు ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, తలుపు తీసి. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవద్దు. "మా ఇంటికి తీసుకెళ్తాను" లాంటి మాటలు అసలు వద్దు. హోమ్ సంక్షేమ శాఖ దగ్గర, అంటే జెకెఎం దగ్గర, నమోదైనది. వచ్చే పెద్దవాళ్ళ పేర్లు, ఐసీ (గుర్తింపు కార్డు) లేదా పాస్‌పోర్ట్ నంబర్లు ముందే ఇవ్వమన్నారు. అవి ఇక్కడ రాయకండి, నాకు విడిగా పంపండి.

వంట చూసే వదిన:

పులిహోర, బొబ్బట్లు, పెరుగన్నం అనుకుంటున్నా. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎండు వేపపూత దొరుకుతుంది, తెచ్చేస్తా. జెల్లీ కూడా చెయ్యనా, పిల్లలకి ఇష్టం కదా?

కార్యక్రమం చూస్తున్నవారు:

వదినా, ఇద్దరు పిల్లలకి వేరుశెనగ పడదు, ఒకరికి జీడిపప్పు కూడా. పులిహోర పోపులో శెనగపప్పు, మినప్పప్పే వెయ్యండి. గిన్నెలు, గరిటెలు కూడా పల్లీ తగలనివి. మాంసం ఏదీ వద్దు. జెల్లీ చేస్తే సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్‌తో చెయ్యండి. జెలటిన్ జంతువుల నుంచి తీసేది, అదైతే వంటావిడ ముట్టరు, ఆ వంటగది ఆవిడది.

బట్టలు, బొమ్మలు, బియ్యం వద్దన్నారు. దీపావళికి వచ్చిన బియ్యమే ఇంకా ఉందట. వాళ్ళు అడిగినవి నల్ల స్కూలు బూట్లు, బట్టలుతికే పొడి, పెద్ద ఆడపిల్లలకి ప్యాడ్లు. కాలి కొలతలు వార్డెన్ గారు పంపుతారు. కొలత చూసుకోకుండా కొనేయకండి, పోయినసారి ఆరు జతలు ఎవరికీ పట్టలేదు.

పూచోంగ్ నుంచి:

అక్కా, ఆ పాపకి మాటిచ్చింది నేనే. ఆ వారం ఆఫీసు పని మీద వెళ్ళాల్సొచ్చింది, హోమ్‌కి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మా ఇద్దరికీ రెండో శనివారం రాయండి, అక్టోబరు దాకా. భిన్నాల దగ్గర మొదలుపెడతాను.

కార్యక్రమం చూస్తున్నవారు:

రాశాను తమ్ముడూ. ఆ పాప ఇప్పుడు నాలుగో తరగతి, వార్డెన్ గారిని అడిగాను. 25న ముందు వెళ్ళి తనతో ఆ మాట చెప్పు, నాకు చెప్పినట్టే. కొత్త పుస్తకం కొనకు. తన దగ్గరున్న పుస్తకంలో, పెన్సిల్ పెట్టిన పేజీలోనే మొదలుపెట్టు.

ఇంకా మూడు కుటుంబాల చోటుంది. నాలుగో శనివారానికి ఎవరూ లేరు.