బీటెక్ మొదటి ఏడాది: ఇంటర్ లెక్కలు మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

గుంటూరు ఫస్టియర్:
ఇంటర్ రెండో ఏడాది లెక్కల పేపర్ టూబీలో 75కి 71 వచ్చాయి. కానీ ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోసం ఆప్షన్లలో విలువలు వేసి జవాబు పట్టుకోవడమే అలవాటైంది. మొదటి మిడ్‌లో మాత్రికలు ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు డబుల్ ఇంటిగ్రల్‌లో ఆర్డర్ (ఎక్స్, వైలలో ముందు దేనితో చేయాలో) మార్చమంటే పెన్ను కదలట్లేదు. రోజూ టెన్షనే, ఇంట్లో కూడా చెప్పలేదు. ఇంటర్ మొదటి ఏడాది వన్ఏ నుంచి మొత్తం చదవాలా?

బెజవాడ థర్డియర్:
వద్దు తమ్ముడూ. నేను అలాగే మొదలుపెట్టి ప్రమేయాల దగ్గరే ఆగిపోయాను. ఈరోజు లెక్క ఎక్కడ ఆగిందో చూడు, ఆ ముక్క వరకే వెనక్కి వెళ్లు. నీకు ఆగింది ఇంటిగ్రేషన్ దగ్గర కాదు, బొమ్మ దగ్గర.

ఒకటి చేసి చూద్దాం. e పవర్ వై స్క్వేర్‌ని ఇంటిగ్రేట్ చేయాలి. వై లిమిట్స్ ఎక్స్ నుంచి 1, ఎక్స్ లిమిట్స్ 0 నుంచి 1. ముందు వైతో చేయబోతే మనకు తెలిసిన ఏ సూత్రానికీ లొంగదు. వై ఈక్వల్స్ ఎక్స్ గీత, వై ఈక్వల్స్ 1 గీత, వై అక్షం గీయి. త్రిభుజం వస్తుంది. నిలువు స్ట్రిప్ (సన్నని పట్టీ) తీసేసి అడ్డ స్ట్రిప్ పెట్టు. ఇప్పుడు ఎక్స్ 0 నుంచి వై దాకా పోతుంది, లోపలి ఇంటిగ్రల్ చేయగానే బయటికి ఒక వై వస్తుంది. వై స్క్వేర్‌ని టీ అనుకుంటే జవాబు (e మైనస్ 1)లో సగం. బిట్లు పెట్టేటప్పుడు ఈ బొమ్మతో మనకు పనే పడలేదు, అందుకే చేయి తిరగలేదు.

ఈసెట్ అక్క:
నేను పాలిటెక్నిక్ తర్వాత ఈసెట్ రాసి సరాసరి బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో తెలుగు అకాడమీ వన్‌బీ, టూబీ కొనుక్కున్నాను. తెలుగు మీడియం వాళ్లకు ఒక మాట: పార్షియల్ డిఫరెన్షియేషన్ అంటే పాక్షిక అవకలనమే. వైని 5 లాంటి స్థిరసంఖ్య అనుకుని ఎక్స్‌తో చేయడమే. పేరు తెలియక వారం రోజులు భయపడ్డాను.

లెక్కల మేడం:
పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనపడేది గుర్తుల తప్పు. ఐగన్ విలువలు రాగానే కూడి చూడండి, మాత్రిక ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తానికి సరిపోవాలి. వాటి లబ్ధం డిటర్మినెంట్ కావాలి. అర నిమిషం పని. ఆగిన చోట నోట్సు తెరిచి పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి రండి, మొహమాటపడకండి.

గుంటూరు ఫస్టియర్:
థాంక్స్ అన్నా, థాంక్స్ మేడం. రాత్రి ఆ త్రిభుజం మూడుసార్లు గీశాను, వచ్చింది. తర్వాత వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్, వై ఈక్వల్స్ ఎక్స్ మధ్య భాగం పట్టుకున్నాను. అడ్డ స్ట్రిప్‌కి ఎక్స్ వై నుంచి రూట్ వై దాకా వచ్చింది. కరెక్టేనా?

బెజవాడ థర్డియర్:
కరెక్టే. బయట వై 0 నుంచి 1.