బ్యాండు పాట మారితే వలస ముద్ర పోయినట్టేనా?

స్వరలిపి: 2022లో బీటింగ్ రిట్రీట్ (గణతంత్ర వేడుకల ముగింపులో సైనిక బ్యాండ్ల కార్యక్రమం) నుంచి ‘అబైడ్ విత్ మీ’ అనే ఇంగ్లిష్ క్రైస్తవ గీతం తీసేసి ‘ఏ మేరే వతన్ కే లోగో’ పెట్టారు. దీంతో బ్రిటిష్ ముద్ర పోయిందని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. పాట మారింది, వాద్యాలూ వాయించే పద్ధతీ అలాగే ఉన్నాయి.

కావేరితీరం: అది రుద్దిన ముద్రేనని ఎందుకనుకోవాలి? ముత్తుస్వామి దీక్షితులు ‘గాడ్ సేవ్ ది కింగ్’ బాణీలో ‘సంతతం పాహిమాం’ అని అమ్మవారిని వేడుకున్నారు. రాజుగారి పాటను దేవికిచ్చిన మహానుభావుణ్ణి లొంగిపోయాడంటామా? క్లారినెట్ కూడా అంతే, తంజావూరు నట్టువనార్ల (నాట్యగురువుల) చేతిలో సదిర్ మేళంలోకి, అంటే నాటి నాట్య వాద్యబృందంలోకి చేరిపోయింది.

స్వరలిపి: దీక్షితులు పాశ్చాత్య బాణీల్లో కట్టిన ఆ నొట్టుస్వరాల్లో గమకం (స్వరాన్ని ఊపడం) లేదు, అదే నా బాధ. బ్యాగ్‌పైప్ తీసుకోండి. వేళ్లతో వాయించే గొట్టానికి తొమ్మిదే స్వరాలు. డ్రోన్లు (ఆగకుండా ఒకే శ్రుతి పలికే గొట్టాలు) మూడూ షడ్జమం పట్టుకుంటాయి కాబట్టి మిగతావి హరికాంభోజి రాగం మెట్ల మీదే పడతాయి. మోహన రాగం హాయిగా పలుకుతుంది, కల్యాణి రాగానికి కావలసిన ప్రతిమధ్యమమే (పై మధ్యమం) అందులో లేదు. రీడు (నాదం పుట్టించే పుల్ల) నోటికి అందకుండా తిత్తికి అవతల ఉండటంతో నాదాన్ని నాలుకతో ఆపలేం. ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే మధ్యలో చిన్న స్వరం దూర్చాలి.

ఇత్తడి బ్యాండులో చిక్కు వేరే. తోడి రాగంలో గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగాలి. కార్నెట్ వాల్వులు అరస్వరం చొప్పున మెట్లు దిగుతాయి, కింద యుఫోనియంలు (మంద్రంగా పలికే ఇత్తడి బూరలు) కలిసి కదలకుండా కార్డు, అంటే ఒకేసారి కొన్ని స్వరాలు పడతాయి. రెండూ పొసగవు. దాంతో బ్యాండ్‌మాస్టర్ గాంధారాన్ని ఒకచోట పాతేస్తాడు, తోడి తోడిగా మిగలదు. నిమిషానికి 120 అడుగుల నడకలో ఊగే వ్యవధీ ఉండదు.

కావేరితీరం: ట్రాంబోన్ స్లైడు ఉందిగా?

స్వరలిపి: ఒక్కరైతే సరే. నలుగురి స్లైడు ఒకేలా జారాలంటే స్టాఫ్ నొటేషన్‌లో రాసిచ్చే దారి లేదు, గురుముఖంగా నేర్పాలి. కవాతు శిక్షణలో ఆ తీరిక ఎవరికుంది?

గోల్కొండవాసి: హైదరాబాదు మర్ఫా (డప్పుల మేళం) నిజాం కొలువులోని అరబ్బు సిపాయిలతో వచ్చింది. ఇప్పుడది పెళ్లి బరాత్ సొత్తు. దాన్నీ పరాయిదంటామా?

స్వరలిపి: ఆ సిపాయిలు నిజాం దగ్గర జీతానికున్నవాళ్లు. తంజావూరు సంగతి వేరు. 1799 ఒప్పందంతో అక్కడి రాజు సర్ఫోజీ రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీకి పోయింది. బ్యాండు మాత్రం ఆయన దర్బారులో మోగింది. ఎవరి చేతిలో అధికారముందో చూడకుండా రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

కావేరితీరం: అయితే మార్పు ఇలా మొదలుపెట్టొచ్చు: కార్డులు తీసేసి యుఫోనియంకి షడ్జమ పంచమాలు మాత్రమే ఇవ్వాలి, స్లో మార్చ్ నడకలో, ముందు మోహనం. తోడి జోలికి మాత్రం బ్యాండు వెళ్లకూడదు. అది నాగస్వరానికే వదిలేయాలి.