హ్యాంక్ గ్రీన్‌బర్గ్ మన దేశంలో ఏ ఎయిర్‌ఫీల్డ్‌లో పనిచేశారో తేల్చడం ఎలా?

డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు గ్రీన్‌బర్గ్ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆర్మీ వైమానిక దళంలో చేరి, చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగానికి వచ్చారు. అప్పట్లో ఇక్కడి బీ-29 బాంబర్లు ఖరగ్‌పూర్, చాకులియా, పియార్డోబా, దూధ్‌కుండి నుంచి ఎగిరేవి. ఆయన వీటిలో ఎక్కడ, ఏ నెలల్లో ఉన్నారన్నదే నా ప్రశ్న.

చిక్కు రికార్డుల దగ్గరే. 1973 జులై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్ సైనిక సిబ్బంది రికార్డుల కేంద్రంలో మంటలు లేచి, 1912–1960 మధ్య సర్వీసు నుంచి విడుదలైన ఆర్మీ సిబ్బంది ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. నేవీలో చేసిన బాబ్ ఫెల్లర్, మెరైన్ పైలట్ టెడ్ విలియమ్స్ లాంటి బేస్‌బాల్ ఆటగాళ్ల ఫైళ్లకు ఆ బెడద లేదు.

గ్రీన్‌బర్గ్ ఫైలు కాలిపోయి ఉంటే మిగిలే దారి మార్నింగ్ రిపోర్టులు (ప్రతి యూనిట్ రోజూ రాసే సిబ్బంది నివేదికలు), చివరి జీతం వోచరు. మార్నింగ్ రిపోర్టులు మనిషి పేరు మీద దొరకవు. యూనిట్, తేదీ పట్టుకుని వెతకాలి. పైగా వాటిలో రాక, పోక, ప్రమోషన్, ఆసుపత్రి లాంటి మార్పులే రాస్తారు. కాబట్టి వచ్చిన రోజు తప్పితే నెలంతా తిరగేసినా పేరు కనబడకపోవచ్చు.

ఆ స్థావరాల మార్నింగ్ రిపోర్టులు చూసినవాళ్లుంటే, ఏ యూనిట్‌తో, ఏ నెలతో మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి. వోచరు కోసం సర్వీస్ నంబరు తప్పనిసరా, పుట్టినతేదీ సరిపోతుందా?