మెషిన్ గార్డు విప్పింది పనివాడే అయితే యజమాని పరిహారం కట్టాలా?

ఆటోనగర్ షెడ్డు
గాజువాక ఆటోనగర్‌లో నాది చిన్న ప్రెస్ షెడ్డు. ఏడుగురు పనివాళ్లు. ఈఎస్ఐ లేదు, డబ్ల్యూసీ పాలసీ (పనివాళ్ల ప్రమాద పరిహారానికి తీసుకునే బీమా) ఉంది. 2024లో పవర్ ప్రెస్ (రేకుల్ని అచ్చుకొట్టే మెషిన్) మీద పనిచేస్తూ ముప్పై ఏళ్ల కుర్రాడికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. జీతం 16 వేలు. చెయ్యి లోపల నలగకుండా మెషిన్‌కి ఉండే అడ్డు, అదే గార్డు, తనే విప్పి పక్కన పెట్టాడు. విప్పొద్దని గోడ మీద బోర్డు కూడా ఉంది. ఆసుపత్రి బిల్లు 90 వేలు నేనే కట్టాను. ఇప్పుడు కార్మిక శాఖలో కమిషనర్ దగ్గర కేసు వేశాడు. "తప్పు వాడిదే, రూపాయి కట్టక్కర్లేదు, కౌంటర్‌లో (కేసుకు మన జవాబులో) అదే రాయించు" అని ఒకాయన సలహా. మా బావగారేమో పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి లక్ష ఇచ్చి, స్టాంపు పేపరు మీద సంతకం తీసుకోమంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి?

కూర్మన్నపాలెం సేఫ్టీ
బోర్డు సంగతి సరే గురూగారూ, ఆ గార్డు ఎన్నాళ్ల నుంచి పక్కన పడి ఉంది? ప్రమాదం జరిగిన రోజే విప్పాడా, నెలల తరబడి అలాగే ఉందా? పీసుల లెక్కన పని చేయిస్తే గార్డు అడ్డమవుతుంది, చెయ్యి లోపలికీ బయటికీ తిరగడం ఆలస్యమవుతుంది. అందుకే విప్పుతారు. విప్పినట్టు సూపర్‌వైజర్‌కి తెలిసీ ఊరుకుంటే, ఇక ఆ బోర్డు ఉన్నా లేనట్టే. కేసు కంటే ముందు మీరు దీనికి జవాబు చెప్పుకోవాలి.

డాబాగార్డెన్స్ లాయరు
నేను ఇరవై ఏళ్లుగా యజమానుల తరఫునే వాదిస్తున్నాను. ఆ వైపు నుంచే చెబుతాను.

మీ ప్రమాదం 2025 నవంబర్ 21న కొత్త సామాజిక భద్రత కోడ్ అమల్లోకి రాకముందు జరిగింది కాబట్టి 1923 నాటి పాత ఉద్యోగుల పరిహార చట్టమే వర్తిస్తుంది. దాని సెక్షన్ 3లో మీకో రక్షణ ఉన్నమాట నిజమే. పనివాడు మత్తులో ఉండటం వల్లో, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించినందువల్లో, గార్డును కావాలని తీసేసినందువల్లో గాయమైతే యజమాని బాధ్యుడు కాదు. అయితే మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఈ వాదన చెల్లదు. మీ కేసులో పోయినవి రెండు వేళ్లు కాబట్టి వాదించే హక్కు మీకుంది. కానీ నిరూపించాల్సిన భారం కూడా మీదే. 'కావాలని' అన్న మాట దగ్గరే మావాళ్లు ఓడిపోతుంటారు. నిర్లక్ష్యం వేరు, ధిక్కారం వేరు. నియమం అతనికి అర్థమయ్యేలా చెప్పారా, విప్పినప్పుడు ఎప్పుడైనా మందలించారా, దానికి కాగితం ఉందా అని అడుగుతారు. బోర్డు ఫొటో ఒక్కటీ సరిపోదు.

ఇక లెక్క. జీతం 16 వేలైనా చట్టం లెక్కకు తీసుకునే గరిష్ఠం 15 వేలే. అందులో 60 శాతం 9 వేలు. ముప్పై ఏళ్ల వయసుకు చట్టంలోని పట్టిక ఇచ్చే గుణకం 207.98. రెంటినీ హెచ్చవేస్తే 18,71,820 రూపాయలు, ఇది పూర్తి వైకల్యానికి. ఒక చేతి రెండు వేళ్లు పోతే షెడ్యూలు ప్రకారం 20 శాతం నష్టం, అంటే 3,74,364. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, సుమారు 45 వేలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా పెనాల్టీ వేయొచ్చు. ఆ పెనాల్టీ బీమా కంపెనీది కాదు, యజమానే కట్టుకోవాలని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. వడ్డీ ఎవరు భరించాలన్నది మీ పాలసీ షరతుల్లో చూడాలి. ఆసుపత్రికి కట్టిన 90 వేలు ఇందులోంచి తగ్గవు.

స్టాంపు పేపరు జోలికి మాత్రం వెళ్లకండి. పరిహారం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. రాజీ కుదిరితే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి. లేదంటే లక్ష ఇచ్చాక కూడా మొత్తం బాధ్యత మీ నెత్తినే ఉంటుంది.

ఆటోనగర్ ఇంకో యజమాని
లాయరుగారూ, అన్నీ యజమాని మీదే వేస్తే చిన్న షెడ్లు బతకవు. 2020లో ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడుకు 17 మంది పోయారు. అవి ఘోరాలే, కాదనను. కానీ జనం మమ్మల్నీ అదే కళ్లతో చూస్తున్నారు. ఇంటి దగ్గర బండి మీంచి పడి పనిలో దెబ్బ తగిలిందని కేసు వేసినవాడు నాకు తగిలాడు. హాజరు రిజిస్టరు చూపించి గెలిచాను. ఆ రోజు వాదించకపోతే నా గతేంటి?

పెదగంట్యాడ
మీరు వాదించింది న్యాయమే అన్నా. మా ఇంట్లో జరిగింది కూడా వినండి. మా అన్నయ్య ఒక కంపెనీలో కాంట్రాక్టు పనికి వెళ్లి పరంజా మీంచి పడి చనిపోయాడు. "మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అని కంపెనీ, "బెల్టు పెట్టుకోలేదు" అని కాంట్రాక్టరు. కౌంటర్‌లో మద్యం మత్తులో ఉన్నాడని కూడా రాశారు. అన్నయ్యకు తాగే అలవాటే లేదు. పోస్ట్‌మార్టం రిపోర్టులో ఆ ఊసే లేదు. ఆ వాక్యం మా అమ్మకు చదివి వినిపించింది నేనే. డబ్బు తర్వాత వచ్చింది. ఆమె మాత్రం ఇప్పటికీ ఆ మాటే తలుచుకుంటుంది. పదిమంది పోతే పేపర్లో వస్తుంది. ఒక్కడు పోతే ఆ ఇంటికే తెలుస్తుంది.

డాబాగార్డెన్స్ లాయరు
తమ్ముడూ, చావు కేసులో ఆ వాదన చట్టమే వినదని తెలిసీ అలవాటుగా రాసేస్తారు. మొదట్లో నేనూ రాశాను. ఒక హియరింగ్‌లో చనిపోయినవాడి భార్య లేచి నన్నే అడిగింది, "మీరు చూశారా బాబూ?" అని. అప్పట్నుంచి కాగితం లేనిదే ఆ మాట రాయలేదు. కంపెనీ సంగతికొస్తే, సెక్షన్ 12 ప్రకారం పని తనదైతే అసలు యజమానే కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి.

ఇంకో యజమానిగారూ, మీ కేసు వేరు. ప్రమాదం పనిలో జరగనేలేదని చూపించడం గట్టి వాదన, తప్పకుండా చేయాలి. వయసు, జీతం, వైకల్య శాతం ఎక్కువ వేస్తే వాటి మీదా పోరాడాలి. నేను రోజూ చేసే పని అదే. కానీ శాతం ఎప్పుడూ తగ్గుతుందనుకోకండి. ఎడమచెయ్యి మోచేతి పైన పోయిన వడ్రంగి కేసులో సుప్రీంకోర్టు 1975లోనే నూరు శాతం నష్టం కింద ఇచ్చింది, ఆ చెయ్యి లేకుండా వడ్రంగం చేయలేడు కాబట్టి. పరిహారం బాకీ పడేది కూడా ప్రమాదం జరిగిన రోజు నుంచేనని అదే తీర్పు. కాబట్టి వాయిదాలు వేయించి గెలవొచ్చనుకోకండి.

ఆటోనగర్ షెడ్డు
నిన్న సూపర్‌వైజర్‌ని కూర్చోబెట్టి అడిగాను. ప్రమాదానికి రెండు నెలల ముందు నుంచీ గార్డు లేదట. ఆర్డరు అర్జెంటని నేనే తొందరపెట్టిన రోజులవి. షెడ్డులోకి రోజూ వెళ్తాను, నా కంటా పడే ఉంటుంది. అడగలేదు.

కౌంటర్‌లో గార్డు వాదన వద్దని మా లాయరుకు చెప్పేశాను. క్లెయిమ్‌లో వైకల్యం 40 శాతం అని వేశారు, దాని మీద మాత్రం వాదిస్తాం. నేను ఒప్పుకున్నంత మేరకు ముందే జమ చేయొచ్చా?

డాబాగార్డెన్స్ లాయరు
జమ చేయొచ్చు కాదు, చేయాలి. సెక్షన్ 4ఎ చెప్పేది అదే. ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, వాళ్లను కేసులో పార్టీగా చేర్చారో లేదో చూసుకోండి. జమ రసీదును కౌంటర్‌తో పాటు దాఖలు చేయించండి.

కూర్మన్నపాలెం సేఫ్టీ
గార్డు బిగించారా?

ఆటోనగర్ షెడ్డు
పొద్దున్నే బిగించాం. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే తప్ప ప్రెస్ కదలకుండా కూడా చేయిస్తున్నాను. మెకానిక్ రేపు వస్తాడు, అందాకా ఆ ప్రెస్ ఆపేశాం.